పదకొండో విమానం తీసిన మా శ్రీశైలం బావ

నిన్న పొద్దున బియ్యం చెరుగుతుంటే, కొత్తూరులో డ్యూటీలో ఉన్న మా ఆయన ఫోన్ చేశాడు.

"సుజాతా, అన్న ఇగ లేడు."

చేట ఎప్పుడు కింద పెట్టానో కూడా తెలియలేదు. వంటింట్లో ఉన్న అత్తమ్మకు ఎలా చెప్పాలో అసలే తెలియలేదు.

శ్రీశైలం బావ మా ఆయనకు సొంత అన్న. ముప్పై ఎనిమిదేళ్లు. కాటేదాన్‌లో ఒక ఖాళీ షెడ్డులో సినిమాకు డబ్బింగ్ చెప్పిస్తూ మైక్ ముందే కూలిపోయాడట. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. బీపీ పెరిగి తలలో నరం చిట్లిందన్నారు.

నిన్నటి నుంచి అందరూ మెసేజ్‌లు పెడుతున్నారు, ఏమైంది ఏమైంది అని.

ఎదురుగా అయితే నేను చెప్పలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఈ అకౌంట్ కూడా బావ తెరిచి ఇచ్చిందే.

బావ ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్. ఆదివారం వస్తే డైరెక్టర్. తోటి పనివాళ్లే హీరో, విలన్, కెమెరామన్.

సినిమా పేరు పదకొండో విమానం. హీరో రోజూ పొద్దున మిద్దె మీద కూర్చుని విమానాలు లెక్కపెడతాడు. టైమ్ టేబుల్‌లో ఉన్నవి పది. ఆకాశంలో పోయేవి పదకొండు. ఆ ఒక్కటి ఎవరిది, అందులో ఏం పోతున్నదని వెతికి వెతికి, చివరికి ఇంట్లో వాళ్లను కూడా నమ్మడు.

షూటింగ్ పాల్మాకులలో మా మిద్దె మీదే. ఒకసారి విమానం వచ్చే టైముకు అత్తమ్మ మిరపకాయలు ఎండబోస్తూ కెమెరాకు అడ్డం వచ్చింది.

"కట్, కట్! అమ్మా, జర పక్కకు జరుగు. విమానం మళ్ల రాదు."

"రాకుంటే పాయె. నా మిరపకాయలు నీ హీరో ఎత్తుతడా?"

అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, తలుపు చాటున.

ఈ తలుపు చాటు సంగతి చెప్పాలి.

మా ఇళ్లలో తమ్ముడి భార్య బావ ముందు కూర్చోదు. ఎదురుపడి మాట్లాడదు. పెళ్లయి మూడేళ్లు. బావకు అన్నం పెట్టి, పక్కన బీపీ గోలీ పెట్టి, తలుపు వెనక్కి పోయి నిలబడేదాన్ని. అడిగితే మళ్లీ వడ్డించాలి కదా.

అది చూసే బావ ఒక సీన్ రాశాడు. హీరో తింటుంటే తలుపు వెనక ఒక ఆడమనిషి నిలబడి అన్నీ విని ఎవరికో చేరవేస్తుంది. తలుపు మీద కనిపించే చేయి నాది. మా ఆయన బతిమాలితే చేయి వరకు ఒప్పుకున్నాను.

ఎడిటింగ్‌లో ఆ షాట్ ఎన్నిసార్లు చూశాడో.

మెల్లగా మనిషి మారాడు. ఫోన్‌లో నుంచి బ్యాటరీ తీసి పెట్టేవాడు. గల్లీలో ఆగిన ఆటోల నంబర్లు రాసుకునేవాడు. అన్నీ సినిమా కోసమే అనుకున్నాం.

ఒకరోజు తింటూ తింటూ ఆగాడు. తలుపు వైపు చూశాడు.

"ఎవరికి చెప్తున్నవ్?"

మా ఆయనే అన్నాడు, "ఏందే అన్నా గిట్లంటవ్? నీ మర్యాదకు నిలబడ్డదామె."

"మర్యాదకు నిలబడెటోళ్లు తలుపుకు చెవి ఆనిస్తరారా?"

ఆ రోజు నుంచి పళ్లెంలో అన్నం సగం మిగిలేది. చేతులు కడిగే చోట గోలీలు దొరికేవి. డాక్టర్ దగ్గరకు పోదామంటే, "ఆయన కూడ వాళ్ల మనిషే" అనేవాడు.

పోయిన ఆదివారం ఇక ఉండబట్టలేక తలుపు దాటి వచ్చాను. బావకు ఎదురుగా కూర్చున్నాను. ఆయన పళ్లెంలో నుంచే రెండు ముద్దలు తిన్నాను.

"సూడు బావా, నేను తిన్న. ఇందుల ఏం లేదు. ఇగ నువ్వు తిను."

బావ కాసేపు నన్నే చూశాడు. తర్వాత నవ్వాడు. ఎన్ని రోజులకో.

"నీ గొంతు గిట్లుంటదా పిల్లా? మూడేండ్లాయె, ఇప్పుడే ఇంటున్న."

పళ్లెం ఖాళీ చేశాడు. పప్పు మళ్లీ వేయమన్నాడు.

అప్పుడు గోలీ నా వైపు జరిపాడు. "మరి ఇది?"

నేను చేయి చాపాను.

వంటింట్లో నుంచి అత్తమ్మ ఒక్క కేక పెట్టింది. "వద్దు! అది మింగకు!"

నాకు మూడో నెల. మూడు నెలలు నిండేదాకా బయట పెట్టకూడదని అత్తమ్మ మాట. బావకు ఆ సంగతి తెలియదు. నేను చేయి వెనక్కి తీసుకున్నాను.

బావ వంటింటి వైపు తిరిగాడు.

"నీకు కూడ ఎరుకేనా అమ్మా?"

ఎందుకు వద్దన్నదో అత్తమ్మ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. బావతో అలాంటి మాట ఎలా అంటాను? ఆయన బ్యాగు సర్దుకుని కాటేదాన్ షెడ్డుకు పోయాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

మా ఆయనకు డ్యూటీలు. "ఈ ఆదివారం పోయి నేనే చెప్త. అన్న ఖుషీ అయితడు, తోలుకొస్త" అన్నాడు.

ఆదివారం ఇంకా రానే లేదు.

తప్పు నీది కాదని అందరూ అంటున్నారు. గోలీ మింగకపోవడం తప్పు కాదు, అది నాకూ తెలుసు. ఆ ఒక్క మాట చెప్పకపోవడమే నన్ను తినేస్తున్నది.

అత్తమ్మ నిన్నటి నుంచి గోడకు ఆనుకుని కూర్చుంది. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

బావ ఫ్రెండ్స్ చదివితే ఒకటే అడుగుతున్నాను. సినిమా ఆపకండి. మిగిలిన డబ్బింగ్ పూర్తి చేయండి.

మూడు నెలలు ఇంకా నిండలేదు. దిష్టి తగిలితే తగలనీ, అందరి ముందూ చెబుతున్నాను.

బావా, నువ్వు పెద్దబాపువు కాబోతున్నావు. అమ్మ వద్దన్నది అందుకే. అంతకు మించి ఏమీ లేదు.

నీ వెనక ఎవరూ పడలేదు. ఇక నిమ్మళంగా పడుకో బావా.