వినపడని బుస

ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. షెడ్డుకు వచ్చేవాళ్లందరికీ ఆయన చెవుల మేస్త్రి. బండి గేటు దాటకముందే, కూర్చున్న చోటు నుంచే, ఫ్యాను బెల్టు వదులైందనో బేరింగు పోయిందనో చెప్పేసేవాడు. మరీ అనుమానమైతే బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, తల ఓ పక్కకు వాల్చి వినేవాడు. ఆ తర్వాత "నాకేం వినపడట్లేదు" అన్నాడంటే ఇక ఆ బండికి ఢోకా లేదని అర్థం. పాత బండి కొనబోయేవాళ్లు ఆయన నోట ఆ మాట అనిపించుకుంటే గానీ కొనేవాళ్లు కాదు.

అలాంటి మనిషికి చెవులు మందగించాయి. పోతే కళ్లు పోవచ్చు, మోకాళ్లు పోవచ్చు, ఈయనకు చెవులు పోవడమేమిటని మనకనిపిస్తుంది. ఆయనకూ అదే అనిపించింది. అందుకే చాలాకాలం నమ్మలేదు. ముందు సన్నటి చప్పుళ్లు పోయాయి. ట్యూబులోంచి గాలి సుయ్యిమనడం పోయింది, గోడ గడియారం పోయింది. లావు చప్పుళ్లు మిగిలాయి గనుక వాటితో నెట్టుకొచ్చాడు. పిలిస్తే పలకని మొగుణ్ణి చూసి భార్య ఇంకోలా అర్థం చేసుకుంది. "నా మాటంటే మీకు పెడచెవే" అని సణిగేది. ఆ సణుగుడు కూడా ఆయనకు సగమే చేరేది. చెవిటివాడు అనిపించుకోవడం కన్నా పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకున్నాడు మహానుభావుడు.

ఇలా గుట్టుగా గడిచిపోతుండగా బావమరిది వ్యాను వచ్చి పడింది. బావమరిది రొట్టెల ఫ్యాక్టరీ నుంచి కొట్లకు రొట్టెలు వేస్తాడు. వ్యాను పాతది, పెట్రోలుది. కొంత దూరం బుద్ధిగా పోయి, తర్వాత ఆయాసపడి ఆగిపోతోంది. కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతోంది.

"మా అక్కని చేసుకున్నావు కాబట్టి ఊరుకుంటున్నా బావా. లేకపోతే ఈపాటికి ఇంకో షెడ్డు చూసుకునేవాణ్ణి."

"పోరా, ఎవడు పట్టుకున్నాడు? ఆ షెడ్డువాడు వ్యానుతోపాటు నిన్నూ కలిపి పాత ఇనుముకి తూకం వేసేస్తాడు."

నిజానికి మేస్త్రికి మొట్టమొదట అనుమానం వచ్చింది ట్యాంకు మీదే. పెట్రోలు వాడుతున్నకొద్దీ ట్యాంకులో ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి గాలి పోవడానికి ఓ సన్నటి గొట్టం ఉంటుంది. అది పూడుకుపోతే ట్యాంకు పెట్రోలును వదలదు, ఇంజను దాహంతో ఆగిపోతుంది. కనిపెట్టడం చిటికెలో పని. బండి ఆగిన వెంటనే మూత తిప్పితే గాలి బుస్సుమని లోపలికి దూరుతుంది. ఆయన అదే చేశాడు. వ్యాను ఆగేదాకా తిప్పించి, రోడ్డు మీదే చెవి ఆనించి మూత తిప్పాడు. బావమరిది అప్పుడు వెనకాల నిలబడి, వచ్చే బండ్లను పక్కకు మళ్లిస్తున్నాడు. "నాకేం వినపడలేదు" అన్నాడు మేస్త్రి. దాంతో ట్యాంకు మీద అనుమానం తీరిపోయింది. ఆ తర్వాత పంపు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, కార్బురేటరు విప్పి కడిగాడు. వ్యాను మాత్రం తన అలవాటు మార్చుకోలేదు.

ఓ మధ్యాహ్నం వ్యాను షెడ్డు గేటు దగ్గరే ఆగిపోయింది. బావమరిది టీ తాగొస్తానని పోయాడు. మేస్త్రి భార్య అప్పుడే అన్నం క్యారేజీ తెచ్చి పక్కన నిలబడింది. పెట్రోలు ఎంతుందో చూద్దామని ఆయన మూత తిప్పాడు. ఆమె గభాలున వెనక్కి జరిగింది.

"ఏమండీ, పామేమో చూడండి. బుస కొట్టింది."

"ఎక్కడ?"

"మీ చేతి కిందే. మూత తీశారుగా, అప్పుడే."

మూత చేతిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్లూ ఆ బుస అక్కడే ఉంది. దారిన పోయేవాళ్లకైనా వినపడేది, తనకు తప్ప. సిగ్గుతో ఎవరి మొహమూ చూడలేక వ్యాను కిందికి దూరాడు. గొట్టం ఊడదీస్తే లోపల కందిరీగ కట్టిన మట్టి గూడు గట్టిగా బిగుసుకుని ఉంది. తీగతో పొడిచి రాల్చేశాడు. వ్యాను ఊరంతా తిరిగొచ్చినా ఆగలేదు.

"ఆలస్యమైనా పట్టేశావు. నీ చెవులే చెవులు బావా" అన్నాడు బావమరిది. మేస్త్రి కాదనలేదు. భార్య ఆయన వంక ఓసారి తేరిపార చూసింది.

"పనిలో పని, ఇంకోటి" అన్నాడు బావమరిది, సీట్లోంచి దిగకుండానే. "బ్రేకు తొక్కితే వెనక చక్రంలో గరగరమంటోంది. కాస్త విను. పర్లేదంటే లోడు వేసుకుని వంతెన దిగిపోతా."

వ్యానును ముందుకూ వెనక్కూ నడిపి బ్రేకు తొక్కాడు. మేస్త్రి చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని విన్నాడు. ఇంజను హోరు తప్ప ఇంకేమీ లేదు. రేపు చూద్దాంలే అనేసి తప్పించుకోవచ్చు. కానీ లోడు ఇవాళే. వంతెన దిగగానే కొట్లు, జనం.

"నాకేం వినపడట్లేదురా" అన్నాడు.

జీవితంలో అంత కష్టపడి ఆయన ఏ నిజమూ చెప్పి ఉండడు. బావమరిది మొహం విప్పారింది. "ఇంకేం, ఆ మాట చాలు" అని గేరు వేశాడు.

మేస్త్రి లేచి పరిగెత్తాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజను ఆపేసి, తాళం లాగేసుకున్నాడు.

"చప్పుడు లేదనట్లేదురా. నా చెవులు పని చెయ్యట్లేదు. ట్యాంకు బుస విన్నది మీ అక్క, నేను కాదు."

బావమరిది ఇదేదో కొత్త వేళాకోళం అనుకుని నవ్వబోయాడు. బావ కళ్లల్లో నీళ్లు చూసి, నవ్వు మింగేసి కిందికి దిగాడు. జాకీ తనే తెచ్చి ఎత్తాడు. చక్రం ఊడదీస్తే బ్రేకు లైనింగు పూర్తిగా అరిగిపోయి, ఇనుము ఇనుముకు రాసుకుంటోంది. బరువుతో వంతెన దిగి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. మేస్త్రి తల వంచుకుని అరిగిన లైనింగు విప్పుతున్నాడు.

"ఎప్పటినుంచండీ?" అని వెనక నుంచి భార్య అడిగింది.

ఆయన చేతులు పని చేసుకుపోతూనే ఉన్నాయి. బావమరిది ఆయన భుజం తట్టబోతే ఆమె వద్దని సైగ చేసింది. క్యారేజీ పక్కన పెట్టి, చుట్టూ తిరిగి వచ్చి, నూనె మరకల నేల మీదే ఆయనకు ఎదురుగా కూర్చుంది. ఆయన తలెత్తి తన పెదవుల వంక చూసేదాకా ఆగి, మళ్లీ అడిగింది.