నలుగురుంటేగానీ నయంకాని మెషిన్

నలుగురు మనుషులు లేనిదే మెకానిక్ బాబాయి ఏ మెషిన్‌నీ బాగైందని ఒప్పుకునేవాడు కాదు. స్క్రూ బిగించడానికి ఆయనొక్కడే చాలు, తెగిన వైరు అతకడానికీ ఆయనొక్కడే చాలు. అంతా అయ్యాక మాత్రం చేతులు తుడుచుకుంటూ లేచి, హాలంతా ఓసారి కలియజూసి, "అమ్మాయ్, ఓ నలుగురు కావాలి" అనేవాడు. దాంతో వీధి వీధంతా ఆయనకి 'నలుగురు బాబాయి' అని పేరు పెట్టేసింది. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.

అది వీడియో గేములు ఇంకా ఇళ్ళలోకీ జేబుల్లోకీ దూరని కాలం. ఆడాలంటే హాలుకే రావాలి. కౌంటర్లో ఇత్తడి బిళ్ళ కొనుక్కుని, మెషిన్ సందులో వేసి, అది లోపల టింగుమని పడి తెర మీద 'క్రెడిట్ 1' అని వెలిగేదాకా ఊపిరి బిగబట్టాలి. అన్నదమ్ములిద్దరు నడిపే ఆ హాల్లో కౌంటర్ వెనక కూర్చునేది పెద్ద కోడలు. హాలు మూసేసి ఎన్నో ఏళ్ళయింది. ఇప్పటికీ వంటింట్లో ఏ మూతో జారి టింగుమంటే ఆవిడ తలెత్తి తెర కోసం వెతుక్కుంటుంది.

హాలు నడిమధ్యన నలుగురాడే మెషిన్ ఉండేది. నలుగురు పక్కపక్కన నిలబడి ఒకే తెర మీద రాక్షసుల్ని చితక్కొట్టాలి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఎవరి రంగు వాళ్ళది, ఎవరి బిళ్ళ సందు వాళ్ళది. ఎవరు వేసిన బిళ్ళకి వాళ్ళకే క్రెడిట్ పడాలి. పడాలని రూలే గానీ, దాని ఇష్టం దానిది. బిళ్ళ తగలగానే కదలాల్సిన సన్నటి మీట ఒకటి లోపల ఉంటుంది. అది కాస్త వంగిందంటే బిళ్ళలు మింగేసి ఏమీ ఎరగనట్టు నిలబడేది. ఒక్కోసారి ఆ మీట ఇరుక్కుపోయి, బిళ్ళ వేయకుండానే క్రెడిట్లు వరదలా పడిపోయేవి. ఆ పూట మాత్రం ఎవరూ వచ్చి ఫిర్యాదు చేసేవారు కాదు.

మొదటిసారి బాబాయి నలుగురిని అడిగినప్పుడు పెద్ద కోడలికి అర్థం కాలేదు.

"నలుగురెందుకు బాబాయ్? నేనే ఒక్కో సందులో బిళ్ళ వేసి చూస్తాగా."

"ఒక్కోటీ వేస్తే ఒక్కోటీ పడుతుందమ్మా. నలుగురూ ఒక్కసారి మీద పడితేనే దీని గుణం బయటపడేది."

వినడానికి శాస్త్రం లాగే ఉంది. సరేనని ఆవిడొక సందు దగ్గర నిలబడింది. బాబాయి పక్క షాపు టైలర్‌ని మెడలో టేపుతో సహా లాక్కొచ్చాడు. ఊరికి కొత్తగా బదిలీ మీద వచ్చి, రోజూ సాయంత్రం మూల మెషిన్ దగ్గర ఒంటరిగా ఆడుకునిపోయే గుమాస్తాని పట్టుకొచ్చాడు. ఇంకొకరు తక్కువయ్యారు. అప్పుడే అత్తగారు కొడుకులకి క్యారేజీ పట్టుకుని లోపల అడుగుపెట్టింది.

"నాయనా, నాకు చూపానదు," అంది అత్తగారు.

"చూపుతో పనేముంది అక్కయ్యగారూ. ఎదురొచ్చినవాణ్ణల్లా కొట్టడమే."

ఆవిడ నిజంగానే ఎదురొచ్చినవాణ్ణల్లా కొట్టింది. ఎదురొచ్చింది టైలర్.

"అమ్మా, నేను మీ పక్షమే," అన్నాడు టైలర్.

"ముందు చెప్పొద్దూ?" అని ఆవిడ ఇంకోటి వేసింది.

భార్య పోయినప్పట్నుంచీ కత్తెర చప్పుడు తప్ప నోటిమాట వినపడని టైలర్ పగలబడి నవ్వాడు. గుమాస్తా కూడా నవ్వాడు. ఆయనకి గొంతుందని ఆ రోజే అందరికీ తెలిసింది.

ఇక అక్కణ్ణుంచి బాబాయికి అడ్డూ ఆపూ లేదు. ఒక్కడే ఆడే కారు రేసు మెషిన్ బాగుచేసినా నలుగురు కావాలనేవాడు. "సీటొక్కటే కదా బాబాయ్," అంటే, "ఒకడు నడుపుతాడు, ముగ్గురు వాడికి దారి చెప్తారు. అప్పుడు గానీ స్టీరింగ్ సత్తా తెలీదు," అనేవాడు. తన ఇంట్లో ఫ్యాన్‌కి రెక్క బిగించినప్పుడు కూడా ఇరుగు పొరుగు నలుగురిని పిలిచి కింద కూర్చోబెట్టి గాలి తగులుతోందా లేదా అని పేరుపేరునా అడిగాడని చెప్పుకునేవారు.

పోనీ పిలిచేవాడు పనికొచ్చేవాళ్ళని పిలుస్తాడా అంటే అదీ లేదు. ఆదివారం హాలు కిటకిటలాడుతుండేది. నేనాడతానంటే నేనాడతానని ఎగబడేవాళ్ళని వదిలేసి, ఎక్కడో గోడకానుకుని నిలబడ్డ మనిషిని వెతికి పట్టుకొచ్చేవాడు. "నాకు రాదండీ" అని ఆ మనిషి మొత్తుకుంటే, "రానివాళ్ళే కావాలి. వచ్చినవాళ్ళ చేతిలో ఏ మెషినైనా మర్యాదగానే ఉంటుంది," అనేవాడు. పెద్ద కోడలికి ఒళ్ళు మండేది. అరగంట పని పూటంతా సాగుతుంటే మండదా మరి.

అలాంటి రోజుల్లోనే అన్నదమ్ములిద్దరికీ మాటలు పోయాయి. కారణం చెబితే ఎవరైనా నవ్వుతారు. కిటికీ దగ్గరున్న మెషిన్‌ని అన్న గోడవైపు జరిపించాడు. "నన్నడక్కుండానా?" అన్నాడు తమ్ముడు. "నిన్నడగాలా?" అన్నాడు అన్న. అంతే. ఇద్దరూ చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని పెద్ద కోడలి నోటితో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

"వదినా, షట్టర్ తాళాలు నా దగ్గరున్నాయని ఆయనకి చెప్పు."

"విన్నారుగా?" అనేది ఆవిడ భర్త వైపు తిరిగి.

"నాకేం వినపడలేదు. ఏమంటున్నాడు వాడు?"

చివరికి ఆవిడ ద్వారానే తమ్ముడు ఇంకో కబురు కూడా పంపాడు. వచ్చే నెల నుంచి తను వేరే వీధిలో వేరే హాలు పెట్టుకుంటున్నాడట, వేరే ఇల్లు కూడా చూసుకున్నాడట. "పెట్టుకోమను," అన్నాడు భర్త గోడ వైపు చూస్తూ. ఆ రోజు నుంచి అత్తగారికి ముద్ద దిగడం లేదు. పెద్ద కోడలికి మాత్రం దిగుతోందా? తను కాపురానికొచ్చేనాటికి స్కూలు సంచీ మోసుకు తిరిగిన మరిది.

ఈ గొడవలో నీలం సందు మొరాయించింది. కబురు పెడితే బాబాయి జ్వరంతో పడుకున్నాడని ఆయన స్నేహితుడైన ఇంకో మెకానిక్ వచ్చాడు. తలుపు తెరిచి, వంగిన మీట సరిచేసి, లోపలున్న చిన్న బటన్ నొక్కాడు. తెర మీద నాలుగు రంగుల గళ్ళు వచ్చాయి. ఒక్కో మీటని వేలితో కదిపాడు, ఒక్కో గడీ వెలిగింది. ఇచ్చిన టీ చల్లారకముందే సంచీ సర్దేశాడు.

"నలుగురు వద్దా?" అంది పెద్ద కోడలు.

"నలుగురెందుకమ్మా? కంపెనీవాడు పరీక్షకని ఈ బటన్ పెట్టిందెందుకూ? ఒక్క మనిషి, ఒక్క వేలు చాలు."

ముందు ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ మోకాళ్ళ నొప్పుల అత్తగారిని కూడా నిలబెట్టి ఆడించాడే, రానీ ఆయన పని చెప్తాననుకుంది. ఇంతలో మెషిన్ వైపు నుంచి నవ్వులు వినపడ్డాయి. టైలరూ గుమాస్తా, వాళ్ళతోపాటు ఎప్పుడో బాబాయి గోడ దగ్గర్నుంచి లాక్కొచ్చిన ఇద్దరూ, బాగైన మెషిన్ మీదకి ఎవరూ పిలవకుండానే చేరిపోయారు. టైలర్ గుమాస్తాని "ఒరే" అంటున్నాడు. ఆవిడ అలాగే చూస్తూ నిలబడిపోయింది. ఆ నలుగురినీ మొదట కలిపిందెవరో తలుచుకునేసరికి కోపం ఎటు పోయిందో పోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బాబాయికి జ్వరం తగ్గిందని తెలిసిన మధ్యాహ్నం, హాల్లో ఎవరూ లేనప్పుడు, పెద్ద కోడలు మెషిన్ వెనక తలుపు తెరిచి చేతికందిన వైరొకటి పీకేసింది. పీకి, కబురంపింది.

బాబాయి వచ్చి తలుపు తీశాడు. ఊడిన వైరు చూశాడు. దాని కొసన అంటిన వంటింటి పసుపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. ఆవిడ గోడ గడియారం వైపు చూసింది.

"గట్టి జబ్బే చేసింది అమ్మాయ్," అన్నాడు.

"ఎంతమంది కావాలి బాబాయ్?"

"మామూలు నలుగురు చాలరు. ఇంటివాళ్ళే కావాలి."

ఊడిన వైరు పెట్టేశాడు. అక్కడితో ఆగకుండా ఎరుపు సందు వైరూ నీలం సందు వైరూ లాగి, ఒకదాని చోట ఒకటి గుచ్చి తలుపు మూసేశాడు. ఎరుపు దగ్గర అన్నని, నీలం దగ్గర తమ్ముణ్ణి, మధ్యలో అత్తాకోడళ్ళని నిలబెట్టాడు. మెషిన్ పాడైతే బేరం పాడవుతుంది గనక అన్నదమ్ములు మొహాలు చెరోవైపు పెట్టుకునే నిలబడ్డారు.

అన్న బిళ్ళ వేశాడు. టింగుమంది. క్రెడిట్ తమ్ముడికి పడింది. ఇంకోటి వేశాడు. అదీ తమ్ముడికే. ఈలోగా తమ్ముడూ అత్తాకోడళ్ళూ ఆట మొదలుపెట్టేశారు.

"ఇదిగో, అది నా బిళ్ళని వాడికి చెప్పు," అన్నాడు భర్త.

"నా చేతులు ఖాళీ లేవు. మీదకొస్తున్నారు," అంది పెద్ద కోడలు తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

"అమ్మా, నువ్వు చెప్పు."

"నేనిక్కడ చచ్చిపోతున్నాను. నన్నడక్కు," అంది అత్తగారు.

తెర మీద తమ్ముడి వెనక నుంచి పెద్ద రాక్షసుడొకడు వస్తున్నాడు. తమ్ముడు చూడలేదు.

"ఒరే, వెనక. వెనక చూసుకోరా."

తమ్ముడు గభాల్న తిరిగి రాక్షసుణ్ణి కొట్టాడు. కొట్టాక గానీ ఆ మాట ఎవరన్నారో వాడికి తట్టలేదు. తర్వాత జేబులోంచి బిళ్ళ తీసి తన సందులో వేశాడు. క్రెడిట్ అన్నకి పడింది.

"రా అన్నయ్యా," అన్నాడు. "ఒక్కణ్ణే తట్టుకోలేకపోతున్నాను."

అత్తగారు తెర మీద ఎప్పుడో చచ్చిపోయింది. అయినా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ బటన్లు నొక్కుతూనే ఉంది. మెషిన్ వెనక నుంచి బాబాయి చప్పుడు చేయకుండా సంచీ సర్దుకుంటున్నాడు.

తమ్ముడు వేరే వీధికి వెళ్ళలేదు. ఆ వైర్లు మళ్ళీ ఎవరూ మార్చలేదు. ఎరుపులో వేస్తే నీలానికి పడుతోందేమిటని కొత్తవాళ్ళెవరైనా కౌంటర్ దగ్గరికొచ్చి అడిగితే, అన్న తాపీగా జవాబు చెప్పేవాడు.

"అదంతేనండీ. అవతలివాళ్ళని వేయమనండి, మీకు పడుతుంది."