మందు కొట్టి ఎన్నాళ్లయింది?

పురుగుల్ని చంపే విషానికి మందు అని పేరు పెట్టుకున్న ఘనులం మనం. జ్వరానికి మింగేదీ మందే, సాయంత్రం సీసాలోదీ మందే, ఆకుకూర మీద కొట్టేదీ మందే. ఆ పేరు వింటేనే వెంకటకృష్ణారావుకి ఒళ్లు మండుతుంది. పాతికేళ్ల వయసులో ముక్కుకి గుడ్డయినా కట్టుకోకుండా మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. అప్పటినుంచి డబ్బా మీద రాసింది అక్షరం పొల్లుపోకుండా చదువుతాడు. కొట్టాక పది రోజులు ఆగి కోయమంటే పది రోజులూ ఆగుతాడు.

ఇప్పుడు ఆయనకి అరవై రెండు. కంకిపాడు పక్కన ఎకరం నేలలో పాలకూర, తోటకూర, గోంగూర పండిస్తాడు. అందులో రెండు సెంట్లు ఇంటి మడి. దానికి మందు తగలనివ్వడు. పురుగు తిన్నది పురుగుకి, మిగిలింది భార్య రావమ్మ వంటింటికి. ఆ ఊళ్లో చాలామందికి ఇలాంటి మడి ఉంది. ఎందుకని అడిగితే మాత్రం ఎవరూ తిన్నగా జవాబు చెప్పరు.

విజయవాడ పటమటలో ఉండే కూతురు సుస్మితకి ఇప్పుడు అయిదో నెల. ఇంటి మడిలో కూర సంచిలో పెట్టి తీసుకెళితే ఆ పిల్ల ముట్టుకోదు.

"పక్క మడికి కొట్టిన మందు దీనిమీద పడదా నాన్నా? డాక్టరుగారు జాగ్రత్తగా ఉండమన్నారు. నేను ఆర్గానిక్ షాపులో కొనుక్కుంటున్నాలే."

కన్నతండ్రి మీద లేని నమ్మకం ఆకుబొమ్మ అంటించిన కవరు మీద! తిరుగు బస్సు ఎక్కింది మొదలు దిగేదాకా ఆయన గొణుగుతూనే ఉంటాడు. "ఆర్గానిక్కట, ఆర్గానిక్కు! పండించినవాణ్ణి కళ్లతో చూసిందా? పేడనీళ్లు పోసి పెంచిన ఆకైనా కడక్కుండా తింటామా?"

మొన్న సోమవారం పాలకూరకి పురుగు పట్టింది. మందు కొట్టాడు. గురువారం, ఊళ్లో కూరలు కొని పట్నానికి తోలే జయపాల్ ఆటో వేసుకుని వచ్చాడు.

"ఇంకా వారం ఆగాలయ్యా. కొట్టి మూడ్రోజులే అయింది" అన్నాడు కృష్ణారావు.

"వారానికి ముదిరిపోద్దండీ. అప్పుడు గేదెలు కూడా మూతి తిప్పుకుంటాయి. ఆపైన మీ ఇష్టం."

అదీ నిజమే. వెనక రెండు మూడుసార్లు అలాగే ముదరబెట్టి దున్నేశాడు. ఈసారి మనసు ఒప్పలేదు. కోయించాడు. రావమ్మ కట్టలు కట్టింది.

శనివారం పొద్దున కూతురింటికి వెళ్లేసరికి వంటగట్టు మీద పాలకూర కట్ట ఉంది. పక్కనే ఆకుబొమ్మ కవరు. రావమ్మది ఎడమచేతి వాటం. అరటినారతో ఆవిడ వేసే ముడి అందరి ముడిలా ఉండదు, తిరగబడి ఉంటుంది. ఆ ముడి చూడగానే ఆయన కట్ట చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదెక్కడిదమ్మా?"

"షాపులోదే. రెండు కట్టలు తెచ్చి నిన్న ఒకటి పప్పులో వేశాను. మందు లేనిదేగా, ఊరికే ఓసారి నీళ్లలో ముంచి తీశాను."

"మన చేలోది ఇది! మీ అమ్మ ముడి! ఎవడే ఆ షాపువాడు? నడు, వాడి బోర్డు పీకి కాలవలో పడేస్తాను! దొంగ వెధవలు, కడుపుతో ఉన్న పిల్లలకి అమ్ముతార్రా దీన్ని?"

అక్కడే నిలబడి జయపాల్‌కి ఫోన్ చేశాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు.

"నేను ఆర్గానిక్ అని చెప్పలేదండీ" అన్నాడు జయపాల్. "షాపాయన అడగలేదు, నేను చెప్పలేదు."

సుస్మిత స్టవ్ ఆపేసి వచ్చి ఆయన చేతిలో ఫోన్ తీసుకుంది.

"నాన్నా, కోసేనాటికి మందు కొట్టి ఎన్నాళ్లయింది?"

"మూడ్రోజులు."

"ఎన్నాళ్లు ఆగాలి?"

"పది."

"తెలిసీ ఎందుకు కోశావు?"

షాపువాడి కోసం, జయపాల్ కోసం ఆయన దగ్గర ఇంకా బోలెడు తిట్లున్నాయి.

"ఎవరో తింటార్లే అనుకున్నానమ్మా" అన్నాడు.