పాలు పోసిన పుట్ట

జహీరాబాద్‌లో మా పక్కింటి గిరీశ్ చేసే పనేమిటో నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. ముందు గదిని కెమెరాతో మూలమూలా తీస్తాడు. తర్వాత ఆ గది కొలతలకే సరిపోయేలా కంప్యూటర్‌లో ఒక లోకం కడతాడు. కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుంటే మంచం ఉన్నచోట చేను గట్టు, బీరువా ఉన్నచోట చెరకు మోపులు కనబడతాయి. గదిలోని ప్రతి వస్తువుకూ ఆ లోకంలో అంతే ఎత్తున ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే తిరిగేవాడి మోకాలిచిప్ప పగులుతుంది.

ఉద్యోగం అడిగితే హైదరాబాద్ కంపెనీవాళ్లు మొదట సొంత గదినే చేసి చూపమన్నారు. గిరీశ్ న్యాల్‌కల్‌లోని తాత చేను కట్టాడు. కిటికీ పక్కన భార్య శ్రుతి కుట్టుమిషన్ ఉండేది. ఆ చోట పుట్ట పెట్టాడు.

"ఏమయ్యా, నన్ను పుట్టకాడ కూసోబెట్టినవా? పాము కరిస్తే దవాఖానకు నువ్వే ఎత్తుకపోవాలె" అని ఆమె నవ్వడం గోడ ఇవతల నాక్కూడా వినబడింది.

పాము కరవలేదు గానీ, ఎండాకాలంలో జ్వరంతో దవాఖానకు పోయిన శ్రుతి తిరిగి రాలేదు. దినాలయ్యాక పెద్దలు కుట్టుమిషన్‌ను ఆమె చెల్లెలు మానసకు ఇప్పించారు. పద్ధతి అదేనని నేనూ తలూపాను. అందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

వస్తువు కదిలితే గదిని మళ్లీ కెమెరాతో తీయాలి. గిరీశ్ తీయలేదు. ఇంతలో కంపెనీ నుంచి దీక్షిత అనే అమ్మాయి వచ్చి నడిచి చూస్తుందని, గది పాసైతేనే ఉద్యోగమని కబురొచ్చింది.

"ఆడ ఇప్పుడేం లేదు గదరా. ఆ పుట్ట తీసెయ్యరాదు" అన్నాను.

"పోయిన నాగుల పంచమికి గా పుట్టకు శ్రుతి పాలు పోసింది మామా. హెడ్‌సెట్ పెట్టుకొని, ఉత్త గిలాసతోని. పాలు పోసిన పుట్టను ఎవరన్నా తవ్వుతరా?"

మొండి మనిషి అని తిట్టుకున్నాను. కానీ మా వైపు పుట్ట మీద పార వేసినవాణ్ణి నేనూ చూడలేదు.

దీక్షిత వచ్చే రోజు పొద్దున నన్ను పిలిచాడు. శ్రుతి చీరలున్న ఇనుప పెట్టెను ఇద్దరం అటక మీంచి దించి కిటికీ పక్కన పెట్టాం. ఎత్తు చాలకపోతే టేపుతో కొలుచుకుంటూ కింద ఇటుకలు పేర్చాడు. గదికి తగ్గ లోకం కట్టాల్సినవాడు, లోకానికి తగ్గట్టు గదిని సర్దాడు.

దీక్షిత హెడ్‌సెట్ పెట్టుకొని నడిచింది. పుట్ట దగ్గర చెయ్యి చాస్తే పెట్టె తగిలింది. "కరెక్టుగా సరిపోయిందన్నా" అని వెళ్లిపోయింది.

ఉద్యోగం వచ్చి మూడు నెలలైంది. ఎవరెవరి గదులకో లోకాలు కట్టి పంపుతున్నాడు. మొన్న చూద్దామని పోతే మంచానికీ పెట్టెకూ మధ్య ఒక్క మనిషి పట్టే సందుంది. ఉండేదే ఒక్కడు, ఇంత ఇరుకెందుకని చిరాకేసింది.

"పాసైతివి గద. ఇగ ఆ పెట్టె తియ్యి, జర నడవనీకి జాగైతది."

"అందుకే తీస్తలేను మామా" అన్నాడు గిరీశ్. "తీస్తే ఆమె కూసున్న జాగల నడుస్త."