సగం దించిన షట్టర్

బాబాయి పోయాడన్న కబురు నాకు సినిమా హాల్లో తెలిసింది. అప్పుడే ఇంటర్వెల్ పడింది, జనం సీట్లలోంచి లేస్తున్నారు. విజయవాడ ఆసుపత్రి నుంచి పిన్ని ఫోన్ చేసి, "బాబాయి ఇక లేడమ్మా. ఇంటికెళ్ళి మీ నాన్నకి చెప్పు" అంది. ఆ ఉదయమే బాబాయి అదే ఫోన్లో, గొంతు పీలగా వస్తుంటే, "ఈ శుక్రవారం నేను రాలేను. నువ్వెళ్ళి చూసిరా, మనవాళ్ళు ఎదురుచూస్తుంటారు" అన్నాడు. సగం సినిమా వదిలేసి బయటికొచ్చాను. ఎండలో నిలబడి, బండి తాళం చేతిలోనే పెట్టుకుని సంచంతా వెతికాను.

మీలో కొందరు ఆయన వీడియోలు చూసే ఉంటారు. తిరువూరు మెయిన్ రోడ్డు మీద మా ఎరువుల కొట్టు, వెనకాల యూరియా బస్తాలు, ముందు కళ్ళజోడు పెట్టుకున్న లావుపాటి మనిషి. ప్రతి శుక్రవారం కొత్త సినిమా ఎలా ఉందో చెప్పేది ఆయన, ఫోన్ పట్టుకునేది నేను. గంపలగూడెం నుంచి పత్తి విత్తనాలకి వచ్చిన రైతులు కూడా ముందు "షావుకారు గారూ, ఈ వారం బొమ్మ ఎట్టా ఉంది?" అని అడిగాకే విత్తనాల మాట ఎత్తేవారు. నచ్చని సినిమాని ఆయన తిట్టేవాడు కాదు. "ఫస్టాఫ్‌లో నాకు ఆకలి గుర్తొచ్చిందండి" అనేవాడు. అంతకంటే కఠినమైన మాట ఆయన నోట నేను వినలేదు.

సినిమా చూడటంలో ఆయనకో పద్ధతి ఉండేది. ఇంటర్వెల్ అయిన కాసేపటికి తెరకి వీపు పెట్టి వెనక్కి తిరిగేవాడు. తెర వెలుగులో జనం ముఖాలు చూసేవాడు. వెనక వరసవాళ్ళు ఇబ్బందిగా కదిలేవారు, నాకు తల కొట్టేసినట్టుండేది. ఎందుకు బాబాయ్ ఇదంతా అంటే, "తెర మీదవాళ్ళు ఎటూ ఏడుస్తారమ్మా, అది వాళ్ళ పని. వీళ్ళు ఏడుస్తున్నారో లేదో చూడొద్దూ?" అన్నాడు.

విజయవాడలో చిన్న సినిమాల ఫెస్టివల్ జరిగితే ఇద్దరం పొద్దున్నే బస్సెక్కేవాళ్ళం. మొదటిసారి వెళ్ళినప్పుడు, ఒక సినిమా మధ్యలో తెరంతా నల్లగా అయిపోయింది, శబ్దం కూడా ఆగిపోయింది. "ఇంటర్వెల్, పద" అని బాబాయి లేచాడు. బయట టీ తాగి, సమోసాలు తిని, తీరిగ్గా లోపలికొచ్చాం. మేం లేచేటప్పటికి బతికున్న తల్లి, మేం వచ్చేసరికి దండ వేసిన ఫొటోలో ఉంది. ఆ చీకటి కథలోదేనట, వాళ్ళ ఊళ్ళో కరెంటు పోయిందట. ఇంటర్వెల్ లేని సినిమా ఒకటుంటుందని మా ఇద్దరికీ అంతవరకూ తెలీదు.

తిరుగు బస్సులో నాకు నవ్వాగలేదు. బాబాయి మాత్రం మైలవరం దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. "ఆవిడ ఎట్లా చచ్చిపోయిందో మనం చూడలేదే" అన్నాడు చివరికి. ఆ సినిమాని మళ్ళీ వేస్తున్నారని తెలిసి, ఇంకోసారి బస్సెక్కి, మొదటి నుంచి చివరిదాకా చూసొచ్చాకే దాని గురించి మాట్లాడాడు. వీడియోలో ముందుగా మా సమోసాల సంగతే చెప్పాడు. "సగం చూసి చెప్పడం, సగం తూచి ఇవ్వడం రెండూ ఒకటే" అని అప్పట్నుంచి నాతో అంటుండేవాడు.

ఇదంతా చదివి ఆయన్ని ధైర్యవంతుడనుకునేరు. బాబాయి అంత భయస్థుణ్ణి నేను చూడలేదు. కుక్క మొరిగితే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాడు. పెద్ద హీరో సినిమా బాగాలేదని చెప్పాల్సిన రోజున కొట్టు షట్టర్ సగానికి దించేవాడు. తెలిసిన రైతులు వంగి లోపలికి రావచ్చు. మిగతావాళ్ళకి కొట్టు మూసినట్టే. కూర్చున్నచోటి నుంచి మాకు బయటివాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపించేవి. "చెప్పులైతే రైతు, బూట్లైతే అభిమాని" అని నవ్వించబోయేవాడు. అంటూనే మజ్జిగ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకునేవాడు, ఒక చేత్తో పట్టుకుంటే తొణికేది.

పోయిన వేసవిలో అలాంటి వీడియో ఒకటి పెట్టాక ఫోన్లు మొదలయ్యాయి. కొట్టు తగలబెడతామన్నారు కొందరు. సాయంత్రానికి బైకులొచ్చి ఆగాయి. షట్టర్ కింద వరసగా బూట్లు. అందులో ఒక జత తెల్లవి, సరిగ్గా గుమ్మం మధ్యలో.

"ఎరువులమ్ముకునేవాళ్ళం, మనకెందుకండీ ఇవన్నీ? తీసెయ్యండి ఆ వీడియో" అని పిన్ని కన్నీళ్ళు పెట్టుకుంది.

"నాకూ భయంగానే ఉందే. కానీ చూశాను కదా, చూడలేదని ఎట్లా అనను?" అన్నాడు బాబాయి. తర్వాత షట్టర్ వైపు తిరిగి, "లోపలికి రండి బాబూ, కూర్చుని మాట్లాడుకుందాం" అని పిలిచాడు. ఎవరూ వంగలేదు. చాలాసేపటికి బైకులు వెళ్ళిపోయాయి. ఆ రాత్రి ఆయనకి జ్వరం వచ్చింది. వీడియో మాత్రం తియ్యలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు, ఆగిపోయిన సగం సినిమా చూడ్డానికి బయల్దేరాను. అది కూడా ఆ బైకులవాళ్ళ హీరోదే. చుట్టాలు ముఖాలు చిట్లించారు. ఒకప్పుడు వద్దన్న పిన్నే, "సగమే చూసిందది. పోనివ్వండి" అంది. హాల్లో జనం పల్చగా ఉన్నారు. ఇంటర్వెల్ అయిన కాసేపటికి నేనూ వెనక్కి తిరిగాను. హీరో తమ్ముడు చచ్చిపోయే చోట ఒకావిడ గాజులు సర్దుకుంటోంది. ఒకాయన నిద్రపోతున్నాడు. రెండు వరసల వెనక ముగ్గురు కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్ళలో ఒకడు తలెత్తి నన్ను చూశాడు. ముందు సీటు మీదకి కాళ్ళు చాపుకున్నాడు. తెల్ల బూట్లు.

"మీ బాబాయి గారు పోయారంట కదక్కా" అన్నాడు నెమ్మదిగా.

అవునన్నాను.

"ఈసారి మీరు చెప్తారా?"

ఇంకా అవలేదుగా అన్నట్టు తెర వైపు చూపించాను. "చూసి చెప్పండి మరి" అని మళ్ళీ ఫోన్లోకి తల దించుకున్నాడు. అది జాలో బెదిరింపో నాకిప్పటికీ తెలియదు. మిగతా సినిమా అంతా వాడు నా వీపు వెనకే కూర్చుని ఉన్నట్టుంది. అయినా చివరిదాకా చూశాను.

సాయంత్రం కొట్టు తెరిచాను. షట్టర్ సగానికి దించి, పురుగుమందు డబ్బాకి ఫోన్ ఆనించి, బాబాయి కుర్చీలో కూర్చున్నాను. నా చేతుల్లో ఫోన్ లేకుండా మా వీడియో తియ్యడం అదే మొదటిసారి. పిన్ని మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, వెళ్ళకుండా బస్తా మీద కూర్చుంది. బాగుందని చెప్పేస్తే ఎంత హాయి, నాకు నచ్చలేదని ఎవరికీ తెలియదు కదా అనిపించింది. అప్పుడే బయట బైకు ఆగింది. పిన్ని నా భుజం పట్టుకుంది. షట్టర్ కింద, గుమ్మం మధ్యలో, తెల్ల బూట్లు వచ్చి నిలబడ్డాయి.

"లోపలికి రా బాబూ" అన్నాను.

బూట్లు కదల్లేదు. గ్లాసు రెండు చేతుల్తో ఎత్తి ఒక గుక్క తాగాను. ఫోన్లో ఎర్ర చుక్క నొక్కి, "నమస్కారమండి. సెకండాఫ్‌లో నాకు ఆకలి గుర్తొచ్చింది" అన్నాను.