విభూది టైర్లతో ఆరు గంటల పందెం

ఆరు గంటల కారు పందెం ఉందన్న వార్తను మా ఇంటికి మొదట మోసుకొచ్చింది మా చెల్లెలు. వార్తతో పాటు ఒక స్టీరింగును కూడా మోసుకొచ్చింది. వేలూరు నుంచి మా ఊరు గుడియాత్తం దాకా బస్సులో దాన్ని ఒడిలో పెట్టుకొని కూర్చుందట. టికెట్టు ఇవ్వడానికి వచ్చిన కండక్టరు, "బస్సుకు ఒక స్టీరింగు ఉండాది గదమ్మా, నువ్వెందుకు ఇంకొకటి తెచ్చినావు?" అని అడిగితే, "మీది చెడిపోతే ఇచ్చేదానికి" అని జవాబు చెప్పిందట.

పందెం నిజమైన రోడ్డు మీద కాదు, వీడియో గేములో. టీవీకి గేము పెట్టె తగిలించి, స్టీరింగు బల్లకు బిగించి నడపాలి. ఎక్కడెక్కడి వాళ్లో, ఎవరింటి నుంచి వాళ్లు ఇంటర్నెట్టులో కలిసే ఇరవై నాలుగు జట్లు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు మొదలై సాయంత్రం ఆరుకు ముగుస్తుంది. జట్టుకు ఇద్దరు డ్రైవర్లు. ఒక్కొక్కరూ గంటకు తగ్గకుండా నడపాలి.

"ఒకరు నేను. రెండో డ్రైవరు యాడ ఉన్నాడు?" అని చెల్లెలు ఇల్లంతా కలియజూసి, కుర్చీలో కూర్చున్న మా మేనమామ ముందర ఆగింది.

మామ ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. పదకొండేళ్ల కిందట వేలూరు నుంచి గుడియాత్తం వస్తూ ఉంటే పళ్లికొండ దగ్గర ఆయనకు పక్షవాతం కొట్టింది. కాలు మొద్దుబారిపోతున్నా బస్సును రోడ్డు వారకు తెచ్చి నిలిపి, ఆ తరువాతే స్టీరింగు మీద వాలిపోయాడు. ఎక్కినవాళ్లు వెనక వచ్చిన బస్సులో ఇళ్లు చేరారు. దేవుడి దయవల్ల మాటా చెయ్యీ తిరిగి వచ్చాయి, కుడికాలు రాలేదు. అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఎవరైనా బాగున్నావా అని అడిగితే ఆయన చెప్పే మాట ఒకటే: "నేను బాగుండాను. నా బస్సే ఇంకా పళ్లికొండలో నిలిచి ఉండాది."

చెల్లెలు స్టీరింగు ఆయన చేతికిచ్చి, "యాక్సిలరేటరు కాలితో పని లేదు మామా. స్టీరింగు వెనక ఈ మీట ఉండాది చూడు, వేలితో నొక్కితే చాలు. బ్రేకు ఎడమ కాలికి పెడతాను" అంది. మామ చాలాసేపు ఆ మీటనే నిమిరాడు. "కడదాకా నేను తోలొచ్చునా పాపా? మధ్యలో దింపేయరు గదా?" అని అడిగాడు. ఆఖరి వంతు ఆయనదే అని అప్పటికప్పుడే తీర్మానమైంది.

ఇక నా సంగతి. నాకు సైకిలు కూడా రాదు. బడికి పోయినదాన్నీ కాదు. మా అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి పలక మీద అక్షరాలూ లెక్కలూ నేర్పింది. ఆ పలక ఇంకా ఉంది. ఎప్పుడు ఆగాలి, ఏ టైర్లు వెయ్యాలి అన్న ఏర్పాటంతా నా మీద పెట్టారు. బస్టాండులో బస్సులను వేళకు పంపే మనిషి మాదిరి అని, మామ నాకు టైం కీపరమ్మ అని పేరు పెట్టాడు.

గేములో టైర్లు మూడు రకాలు. మెత్తటివాటికి ఎర్ర గీత. రోడ్డును గట్టిగా పట్టుకొని వేగంగా పోతాయి గానీ ముక్కాలు గంటలో అరిగిపోతాయి. నడితరం వాటికి పసుపుపచ్చ గీత, గంటన్నర వస్తాయి. గట్టివాటికి తెల్ల గీత, నిదానంగానే పోతాయి గానీ రెండు గంటలు ఆగుతాయి. వాన పడితే వేసుకోవడానికి ఆకుపచ్చ గీతవి వేరే ఉన్నాయి. మామ బడిలో చదివింది అరవం, తెలుగు చదవడం రాదు. అందుకని పలక మీద పేర్లు రాయకుండా, దేవుడికి ఒక దండం పెట్టుకొని, కుంకుమ బొట్టు, పసుపు బొట్టు, విభూది బొట్టు పెట్టాను. వానకు తులసాకు అంటించాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో టైర్ల పేర్లు అవే.

"కుంకుమ టైర్లు వద్దమ్మా" అన్నాడు మామ రెండు రోజులు నడిపి చూసి. "కొత్త అల్లుడి మాదిరి. వచ్చేటప్పుడు జోరు, రెండో పూటకే అలక. నాకు విభూదే పెట్టు."

ట్యాంకు నిండా పోస్తే పెట్రోలు గంటన్నర వస్తుంది. లెక్క సులువుగానే కుదిరింది. ఒకటిన్నరకు ఒకసారి, మూడింటికి ఒకసారి ఆగి, చెల్లెలికి పసుపు టైర్లు వేస్తాం. నాలుగున్నరకు మామ ఎక్కుతాడు. అక్కడి నుంచి ఆరు దాకా ఆగే పని లేదు. కానీ ఆదివారం నాలుగున్నరకు రాహుకాలం మొదలవుతుంది. పదకొండేళ్ల తరువాత మళ్లీ స్టీరింగు పట్టిన మనిషిని సరిగ్గా ఆ నిమిషానికి బయలుదేరదీయడానికి నాకు మనసొప్పలేదు. పలక మీద నాలుగున్నర తుడిచి నాలుగూ ఇరవై అని వేశాను. ఎంత తేలికగా దారి చూపించావు స్వామీ అని సంతోషపడ్డాను కూడా.

ఆదివారం దీపం పెట్టి మొదలుపెట్టాం. "స్టీరింగు కింద నిమ్మకాయ పెట్టేదా అక్కా?" అంది చెల్లెలు. "నలిగి రసం వైర్లలోకి పోయేను, పక్కన పెట్టు" అన్నాను. నాలుగు గంటలకు పైగా చెల్లెలు చక్కగా నడిపింది. చెప్పిన వేళకు ఆపాం, విభూది టైర్లు వేశాం, నాలుగూ ఇరవైకి మామ బయలుదేరాడు.

చెల్లెలు మజ్జిగ తాగుతూ పలక వైపు చూసింది. "అక్కా, నాలుగూ ఇరవై నుంచి ఆరు దాకా ఎంతసేపు?"

"గంటా నలభై నిమిషాలు."

"ట్యాంకులో ఎంతసేపటికి ఉండాది?"

"గంటన్నరకు."

"ఆ పది నిమిషాలకు పెట్రోలు రాహువు పోస్తాడా?"

టైర్లు లెక్కపెట్టాను, రాహుకాలం లెక్కపెట్టాను, పెట్రోలు మరిచాను. మామ తల తిప్పకుండానే, "కొట్లాడొద్దండమ్మా. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చినావని డిపోలో రోజూ అడుగుతా ఉండిరి. మిగిలిస్తాను. ఆపమని మాత్రం చెప్పొద్దండి" అన్నాడు.

మలుపు చాలా దూరం ఉండగానే మీట వదిలేసి, బండిని దానంతట దాన్ని దొర్లనిచ్చేవాడు. ఎంత ముద్దుగా నడిపాడని! అయిదూ ఇరవైకి చెల్లెలు లెక్క చూసి, "ఆరు నిమిషాలకు సరిపడా మిగిల్చినాడక్కా!" అని కేక పెట్టింది. ఇంకా నాలుగు నిమిషాలకే కొరత.

అప్పుడే టీవీలో జల్లు మొదలైంది. కాసేపటికి అది వాన అయింది. విభూది టైర్లకు నీళ్లు పోయే గాడులు ఉండవు. బండి ఒకసారి జారింది, రెండోసారి గోడను రాసుకొని పోయింది. "తులసి వెయ్యల్ల అక్కా, ఆలస్యం చెయ్యొద్దు, సీక్రం చెప్పు" అంది చెల్లెలు. మామ పెదవి బిగించాడు. ఆగితే రాహుకాలంలో మళ్లీ బయలుదేరాలి. అంతకన్నా, ఈ బండి కూడా మధ్యలోనే ఆగిందని ఆయన మనసు విరిగిపోతుందేమో.

దేవుడి పటం వైపు చూశాను. జవాబేమీ రాలేదు గానీ, పళ్లికొండ దగ్గర రోడ్డు వారన నిలిచిన బస్సు, దానిలోంచి ఒక్క గీత పడకుండా దిగుతున్న జనం మనసులో కనబడ్డారు.

"మామా, ఆ పొద్దు నువ్వు ఆపినందుకే గదా అంతమంది ఇల్లు చేరినారు? ఇప్పుడూ ఆపు. మళ్లీ కదిలించేదానికే ఆపమంటా ఉండాను."

"రాహుకాలం గదమ్మా?"

"ఆ తప్పు నాది. నేను చెప్పుకుంటాను స్వామికి."

ఆయన "టైం కీపరు చెప్పినాక ఇంకేముండాది" అని బండిని టైర్లు మార్చే చోటికి తిప్పాడు. తులసి టైర్లు వేశాం, ఆరు దాకా సరిపోయేంత పెట్రోలు పోశాం. ముందర పచ్చదీపం వెలిగింది. మామ వేలు మీట మీద ఆగింది. బండి మెల్లగా ముందుకు సాగింది. "కదిలింది పాపా" అన్నాడు, చిన్న గొంతుతో.

ఆ తరువాత వానలో ఎందరో జారిపోయారు, మామ జారలేదు. ఆరు గంటలకు గీత దాటాడు. ఇరవై నాలుగింటిలో పదిహేడో స్థానం. బండిని ఒక వారకు తెచ్చి నిలిపి, అలవాటుగా చెయ్యి చాపి లేని హ్యాండు బ్రేకు లాగి, వెనక్కి తిరిగి, ఇల్లదిరేలా కేక పెట్టాడు:

"దిగండప్పా దిగండి! గుడియాత్తం వచ్చేసింది! సామాన్లు చూసుకోండి!"

నవ్వీ నవ్వీ మాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "పదకొండేండ్లు లేటు మామా!" అంది చెల్లెలు. "లేటైతే ఏమి పాపా, వచ్చినాము గదా" అన్నాడాయన. ఆ సాయంత్రం కేసరి చేసి, మొదట దేవుడికి, తరువాత మామకు పెట్టాను. అప్పటి నుంచి, బాగున్నావా అని అడిగినవాళ్లకు ఆయన బాగున్నానని మాత్రమే చెబుతున్నాడు.

ఇది చదివిన మీకు ఒక్క మనవి. బస్సు దిగేటప్పుడు మనం డ్రైవరు వైపు చూడకుండానే ఇంటిదారి పడతాం. ఈసారి దిగినప్పుడు ఒక్క నిమిషం ఆగి మా మామను తలుచుకోండి. తనకు కాలు పోతున్నా మీలాంటి వాళ్లను క్షేమంగా దింపి, తాను మాత్రం పదకొండేళ్లకు చేరినవాడు.