టైలరమ్మ విప్పిన కుట్లు

ఆ వీధిలో ఆవిడని అందరూ టైలరమ్మ అంటారు. దుకాణం ఒకే గది, మధ్యలో నడుమెత్తు చెక్క అడ్డం. ఇవతల ఆవిడ కుట్టుమిషను, అవతల ఆవిడ భర్త గడియారాలు బాగుచేసే బల్ల. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడంటే భోజనానికి తప్ప లేవడు. అలా కూర్చునీ కూర్చునీ, తీపి తినీ తినీ, కాలేయానికి కొవ్వు పట్టించి, చివరికి దాన్ని పూర్తిగా పాడుచేసుకున్నాడు. చుక్క ముట్టని మనిషికి ఈ జబ్బేమిటని వీధంతా ముక్కున వేలేసుకుంది. చాటుగా తాగేవాడేమోనని గుసగుసలాడినవాళ్ళూ ఉన్నారు. పాపం, ఆయన చాటుగా చేసిన ఘనకార్యమల్లా సొరుగులో బిస్కెట్లు దాచుకోవడమే.

కాలేయం మార్చక తప్పదన్నారు డాక్టర్లు. ముందుకొచ్చినవాడు టైలరమ్మ తమ్ముడు. బడిపిల్లల వ్యాను నడుపుతాడు. తన కాలేయంలో కొంత బావకిచ్చి, కోలుకుని, మళ్ళీ వ్యానెక్కాడు. అప్పట్నుంచి ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచే కేక.

"బావా! నా ముక్కెలా ఉంది?"

"నీ ముక్క కదరా, చెప్పిన మాట వినదు," అనేవాడు బావ.

ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు ఆయన ఎముకల గూడు. మందుబిళ్ళల విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. గోడమీద గడియారాలు తలో టైమూ చూపిస్తున్నా, ఆయన బిళ్ళ వేసుకునే టైము తప్పేది కాదు. మందుల వల్లో, బతికి బయటపడ్డ సంతోషం వల్లో ఆకలి బాగా పెరిగింది. అడిగినప్పుడల్లా టైలరమ్మ పెట్టింది, అడక్కపోయినా పెట్టింది. బుగ్గలు పూడాయి. ఒకరోజు ఎదురింటి పిన్నిగారు జాకెట్టు కొలతలివ్వడానికొచ్చి, ఆయన్ని ఎగాదిగా చూసి, "మీ ఆయన ఒళ్ళు చేశాడమ్మా!" అంది. టైలరమ్మ మొహం చేటంతయింది. చావుదాకా వెళ్ళొచ్చిన మొగుడు ఒళ్ళు చేశాడంటే అంతకంటే తియ్యటి మాట ఏముంటుంది?

కొన్నాళ్ళకి ఇస్త్రీ చేస్తుంటే ఆయన ప్యాంటు బొత్తాం దారానికి వేలాడుతూ కనిపించింది. దర్జీ పని చేసేవాళ్ళు నడుము దగ్గర లోపలికి కాస్త అదనపు గుడ్డ వదిలే కుడతారు. ఆవిడ ఆ కుట్టు విప్పి, కొంచెం గుడ్డ బయటికి లాగి, మళ్ళీ కుట్టేసింది. ఆయనకి చెప్పలేదు. చెబితే మొహమాటపడి తిండి తగ్గిస్తాడేమోనని భయం. ఆ తర్వాత అలాగే మిగతా ప్యాంట్లు. కొన్నాళ్ళకి మళ్ళీ ఒక చుట్టు. ప్రేమగానే చేసింది. మొగుడి నడుముని అలా గుట్టుగా పెంచడం టైలరుకి తప్ప ఇంకెవరికి చేతనవుతుంది!

తర్వాతిసారి పరీక్షలకి వెళ్ళినప్పుడు, ఏం తినాలో చెప్పే డైటీషియన్ అమ్మాయి ఆయన్ని అడిగింది. "బరువు పెరిగినట్టున్నారు. ప్యాంట్లు బిగుతవుతున్నాయా?"

"అబ్బే! అన్నీ అప్పటివే. ఒక్కటీ బిగుతవలేదు. కావాలంటే చూడండి," అంటూ నడుము దగ్గర రెండు వేళ్ళు దూర్చి మరీ చూపించాడాయన.

బరువు చూసే మిషను వేరే మాట చెప్పింది. డాక్టరు రిపోర్టులు చూసి, కొత్త కాలేయానికీ కొవ్వు పట్టడం మొదలైందన్నాడు. "ఇప్పుడే జాగ్రత్తపడితే వెనక్కి తిప్పొచ్చు. అశ్రద్ధ చేస్తే ఇదీ పాతదాని దారే పడుతుంది."

పక్కనే కూర్చున్న టైలరమ్మ ముందుకు జరిగింది. "తప్పు నాదేనండీ," అంది. "ఆయన ప్యాంట్ల కుట్లు విప్పి వదులు చేసింది నేనే."

ఆయన నోరు తెరిచి భార్యకేసి చూశాడు. డైటీషియన్ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. "మనిషి అబద్ధం చెప్పినా ప్యాంటు నిజం చెబుతుందండీ. మీ ఇంట్లో దాని నోరూ నొక్కేశారన్నమాట!" తర్వాత నవ్వాపి అంది, "ఆయన ఒక్కరే పథ్యం చేస్తే నాలుగు రోజుల్లో విసుగొస్తుంది. ఇంట్లో అందరూ అదే తినండి, అందరూ నడవండి. మెల్లగా మొదలుపెట్టండి."

ఇంటికొచ్చీరాగానే టైలరమ్మ మిషను ముందు కూర్చుంది. ఆయన జబ్బు నుంచి లేచి మొదటిసారి దుకాణం తెరిచినప్పుడు వేసుకున్న బూడిదరంగు ప్యాంటు తీసి, పాత గుర్తు దాకా బిగించి కుట్టింది. దాన్ని చెక్క అడ్డం మీద, సరిగ్గా ఆయన కళ్ళెదురుగా తగిలించింది.

"ఇది నాకెక్కడ పడుతుందే?" అన్నాడాయన.

"పట్టించుకోవాలి మరి."

వంటింట్లో నూనె గిన్నెతో ఒంపడం మానేసి చెంచాతో కొలవడం మొదలైంది. సొరుగులో బిస్కెట్లు పోయి, పీచున్న కూరలు కంచంలోకొచ్చాయి. తమ్ముడు పిల్లల్ని బడిలో దింపి నేరుగా ఇక్కడికే వచ్చేవాడు.

"లే బావా. నా ముక్కని షికారు తీసుకెళ్ళాలి."

"నీ ముక్కని నువ్వే ఎత్తుకెళ్ళరా, నన్నొదిలెయ్."

అంటూనే చెప్పులేసుకునేవాడు. మొదట్లో వీధి చివరి మందులషాపు దాకా, తర్వాత పార్కు దాకా. టైలరమ్మా మిషను మీద గుడ్డ కప్పేసి వెంట నడిచేది. బావా బావమరుదులు దారంతా కీచులాడుకుంటుంటే ఆవిడకి నవ్వలేక ఆయాసం వచ్చేది. దుకాణానికొచ్చే ఒకావిడ ఏదో సన్నబడే పొడి తెచ్చిస్తే, టైలరమ్మ ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగింది. ఈ మందులతో అలాంటివి కలపకూడదన్నారు. పొడి చెత్తబుట్టలోకెళ్ళింది.

అయితే మనిషికి ఓపికెంత? ఒక సాయంత్రం ఆయన చప్పిడి కూర చూసి కంచం పక్కకి నెట్టేశాడు. లేచి వెళ్ళి బూడిదరంగు ప్యాంటు తెచ్చి భార్య ఒళ్ళో పడేశాడు.

"ఒక్క వేలెడు వదులు చెయ్. వేసుకుంటా, గొడవ వదిలిపోతుంది. లోపల అదనపు గుడ్డ ఉందిగా!"

టైలరమ్మ ఆ ప్యాంటు నడుముని వేళ్ళతో తడిమింది. కళ్ళనీళ్ళు బొటబొటా రాలాయి.

"గుడ్డ ఉంది. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వదులుతా. మా తమ్ముడి దగ్గర ఇంకో ముక్క లేదు. నాకు నువ్వు తప్ప ఇంకో మొగుడూ లేడు."

ఆయన ప్యాంటు తీసుకెళ్ళి యథాస్థానంలో తగిలించి, వచ్చి కూర్చుని కూరంతా తిన్నాడు. మర్నాడు బావమరిది వచ్చేసరికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

అలా నెలలు గడిచాయి. మళ్ళీ పరీక్షలకి వెళ్ళేరోజు పొద్దున్నే ఆయన చెక్క అడ్డం వెనక ఏదో తంటాలు పడి, బూడిదరంగు ప్యాంటులో బయటికొచ్చాడు. బొత్తాం హాయిగా పట్టింది. రిపోర్టులు చూసి డాక్టరు, కొవ్వు బాగా తగ్గిందనీ, కాలేయం చక్కగా పనిచేస్తోందనీ, ఇదే పద్ధతి వదలొద్దనీ అన్నాడు. ఆ మాట విని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది తమ్ముడు.

"నా ముక్కంటే మాటలా!"

సాయంత్రం ముగ్గురూ వీధిలోకి వస్తుంటే ఎదురింటి పిన్నిగారు ఆయన్ని చూసి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో అయ్యో, ఇదేమిటమ్మా! మీ ఆయన ఇలా చిక్కాడేమిటి?"

టైలరమ్మ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చిక్కాడు పిన్నిగారూ," అంది నవ్వుతూ. "ఎన్నాళ్ళకో నా చేతికి చిక్కాడు!"